సౌనాలో కుదిరిన బేరం

హువా హిన్,
2002 నవంబరు 9.

అక్కా,

ఫోను చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నాడేంటి వీడు అనుకుంటున్నావు కదూ. ఫోనులో అయితే నువ్వు మధ్యలో అడ్డం పడతావు. ఉత్తరంలో నేను చెప్పాల్సిందంతా చెప్పాకే నీ వంతు. డెబ్భై మూడేళ్ళకి దొరికిన అవకాశం, వదులుకుంటానా? నాలుగో తరగతితో బడి మానేసినవాడి రాత ఇది. తప్పులుంటే ఎర్ర పెన్సిలుతో దిద్ది తిప్పి పంపకు.

సంగతేంటంటే, నేనుండే గది అమ్మేస్తున్నారు. నాలుగో అంతస్తులో నేను ఎనిమిది చలికాలాలుగా అద్దెకుంటున్న గది. ఇంటావిడ సుమాలీ టీచరమ్మ నా పక్క గదిలోనే ఉంటుంది. ఆవిడదీ నాదీ రెండూ ఆవిడవే. ఎండాకాలం వచ్చేలోపు నాది అమ్మేస్తానంది. కొన్నవాడు అందులోకి తనే దిగితే నా పెట్టె వీధిలో ఉంటుంది. ఈ పేటలో మిగతా గదులన్నీ రోజుల లెక్కన యాత్రికులకే ఇస్తున్నారు.

నీకు తెలుసు, నలభై ఏళ్ళు రంపపు మిల్లులో పొట్టు పీల్చినవాణ్ణి. కువోపియోలో మంచు మొదలైతే నేను కుర్చీలో కూర్చునే నిద్రపోతాను. పడుకుంటే ఊపిరి అందదు. ఇక్కడ మంచం మీద వెల్లకిలా పడుకుంటాను, మనిషిలాగా. ఈ గది పోతే మళ్ళీ కుర్చీయే. అందుకని కొనేద్దామనుకుంటున్నాను.

భయపడకు. నాకు బ్రోకరు దొరికాడు. ఆర్తో అని, మన సావో ప్రాంతం వాడే, మన యాసే. పెరట్లో సొంతంగా మన ఆవిరి గదిలాంటిదే, సౌనా, కట్టుకున్నాడు. శనివారం శనివారం ఊళ్ళో ఉన్న మనవాళ్ళందరం అక్కడే చెమట పోసుకుంటాం. బయట ముప్ఫై మూడు డిగ్రీలుంటే లోపల తొంభైలో కూర్చోడానికి పోతున్నారేంటని ఇక్కడివాళ్ళు గేటు దగ్గర నిలబడి చూస్తారు. ఆర్తో చెప్పిందేమిటంటే, ఒక బిల్డింగులో వంద పాళ్ళుంటే నలభై తొమ్మిది పాళ్ళే పరదేశీయుల పేరు మీద ఉండాలట. మా బిల్డింగులో ఆ వాటా నిండిపోయింది. అందుకని ఒక కంపెనీ పెట్టి, ఆ కంపెనీ పేరు మీద గది కొనాలట. కంపెనీలో ఏడుగురు ఈ దేశం వాళ్ళ పేర్లుంటాయి, పెత్తనం మాత్రం నాదే. అందరూ ఇలాగే కొంటారట. టీచరమ్మతో కూడా మాట్లాడేశాడు, ఆవిడ ఒప్పుకుందట.

ఇంకా ఏమీ ఇవ్వలేదులే, ఆలోచిస్తున్నా. నీ పిల్లి ఎలా ఉంది? నీకంటే అదే నయం, మూతి ముడిచినా మాట అనదు. కాఫీలో ఇంకా ఆరు చెంచాల పంచదార వేసుకుంటున్నావా, లేక పంచదారలో కాఫీ వేసుకుంటున్నావా? మీ చర్చి పాటల బృందంలో ముసలాళ్ళు ఎంతమంది మిగిలారు?

నీ తమ్ముడు,
కౌకో

*

కువోపియో,
నవంబరు 24.

ఒరేయ్ కౌకో,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి కళ్ళద్దాలతో, ఒకసారి కొట్లో ముప్ఫై ఐదేళ్ళు తక్కెడ పట్టిన బుద్ధితో.

చివర్లో నా పిల్లి మీద, నా కాఫీ మీద, నా పాటల మీద పడ్డావు. చిన్నప్పుడు నువ్వు నాన్న పడవ ముంచేసి వచ్చిన రోజు కూడా ఇంతే. అన్నం తింటున్నంతసేపూ అందర్నీ నవ్వించావు. ఎంత ఇచ్చావురా ఆ ఆర్తోకి?

ఇంకో మాట. ఒక గదికి ఏడుగురు యజమానులేంటి? నువ్వు వాళ్ళని చూశావా? కాఫీ తాగించావా? వాళ్ళలో ఒకడు పొద్దున్నే తలుపు కొట్టి, ఇది నాది, లేవవయ్యా అంటే ఏం చేస్తావు? నువ్వు తక్కెడలో పెట్టింది నీకు కనపడాలి. కనపడనిదానికి డబ్బు ఇచ్చేవాణ్ణి మా కొట్లో ఏమనేవాళ్ళో నీకు గుర్తుండే ఉంటుంది.

సావో వాడైతే ఏంటి? మనమూ సావోవాళ్ళమే, నువ్వు అబద్ధమాడలేదా? మన యాస రానివాణ్ణెవరినైనా అడుగు.

గది వద్దని నేననడం లేదు. పోయిన మార్చిలో మంచు ఉండగానే నువ్వు తిరిగొచ్చినప్పుడు, నా వంటింట్లో, కుర్చీలో, గడ్డం రొమ్ముకి ఆనించుకుని నువ్వు నిద్రపోవడం చూశాను. అది మళ్ళీ చూడాలని నాకు లేదు.

సైమి

*

హువా హిన్,
డిసెంబరు 10.

అక్కా,

యాభై వేల బాత్‌లు ఇచ్చాను. అక్టోబరులోనే. రసీదు లేదు.

ఎందుకు తీసుకోలేదో చెప్తాను, తిట్టడం ఆ తర్వాత. బేరం సౌనాలో కుదిరింది. పై మెట్టు మీద ఇద్దరం పక్కపక్కనే, ఒంటి మీద నూలుపోగు లేకుండా కూర్చుని ఉన్నాం. వాడు రాళ్ళ మీద నీళ్ళు పోసి, చెయ్యి చాచి, "మాటంటే మాటే" అన్నాడు. నాన్న ఏమనేవాడు? సౌనాలో ఇచ్చిన మాటకి కాగితం అడిగితే మనిషి మొహం మీద ఉమ్మినట్టు అనేవాడు. బట్టల్లేని మనిషి అబద్ధం ఎక్కడ దాచుకుంటాడు అనుకున్నాను. దాచుకున్నాడు.

నువ్వు మన యాస రానివాళ్ళని అడగమన్నావు. అడగక ముందే దొరికిపోయాను. మొన్న కేకు కొనుక్కుని టీచరమ్మ దగ్గరికి వెళ్ళి, గది నాకిస్తున్నందుకు సంతోషమండీ అన్నాను. ఆవిడ కేకు వంక చూసింది, నా వంక చూసింది. ఆర్తో వచ్చింది నిజమేనట. అడిగితే ఆవిడ నవ్వి, మంచినీళ్ళిచ్చి పంపిందట. అంతే. ఇక్కడ నవ్వు ఔననీ కాదు, కాదనీ కాదు. తలుపు వేసి ఉంది, గడియ పెట్టలేదు అని మాత్రమే. అది వాడికి తెలియదా? తెలుసు.

మెట్ల మీద ఇదంతా విన్నది బున్మా. కింద లాండ్రీ నడుపుతుంది. బిల్డింగులో తాళంచెవులన్నీ దాని దగ్గరే ఉంటాయి. గదులు అమ్మిపెట్టడం కూడా చేస్తుందని నాకు ఇన్నేళ్ళూ తెలియదు. నా చొక్కాలు ఉతికేదాన్ని ఏమడుగుతాంలే అనుకున్నాను. నా తెలివి అంత. నన్ను చెయ్యి పట్టుకుని లాండ్రీలో బల్ల మీద కూర్చోబెట్టి, ఇస్త్రీ చేస్తూనే చెప్పింది.

"తాతా, ఆ ఏడుగురిలో ఒకడు మా పిన్ని కొడుకు. సంతకానికి వెయ్యి బాత్‌లు తీసుకుంటాడు. వాడి పేరు మీద ఈ ఊళ్ళో పందొమ్మిది ఫ్లాట్లున్నాయి. వాడుండేది రేకుల షెడ్డులో."

నవ్వు ఆగలేదు. తర్వాత దగ్గు ఆగలేదు. అది ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నా వీపు మీద చెయ్యేసి ఉంచింది, దగ్గు తగ్గేదాకా.

తర్వాత బిల్డింగు ఆఫీసుకి తీసుకెళ్ళి లెక్క అడిగింది. వాటా నిండిన మాట నిజమే. కానీ ఆరో అంతస్తులో ఉన్న జర్మనీ ఆయన తన ఫ్లాటు బ్యాంకాకు డాక్టరుకి అమ్ముతున్నాడు. ఆ డాక్టరు ఈ దేశం వాడు. ఆ ఫ్లాటు అతని పేరున రిజిస్టరైన క్షణం పరదేశీయుల వాటాలో అంత చోటు ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలోకి ఇంకెవరూ దూరకముందే నేను దూరాలి. కంపెనీ అక్కర్లేదు, ఏడుగురూ అక్కర్లేదు. కౌకో అనే ఒక్క పేరు చాలు.

దానికి రెండు కావాలి. ఒకటి, టీచరమ్మ ఔననాలి. నేనడిగితే నన్ను చూసి కూడా ఆ నవ్వే నవ్వింది. రెండు, డబ్బు మన దేశం నుంచి యూరోలుగానే ఇక్కడి బ్యాంకుకి రావాలి. వచ్చినట్టు ఆ బ్యాంకు కాగితం ఇవ్వాలి. అక్కడే బాత్‌లుగా మార్చి పంపితే ఆ కాగితం రాదు, కాగితం లేకపోతే నా పేరున గది రాదు. ఖాతాలో నీ పేరూ ఉంది కదా. ఆ పని నీ మీద పడింది.

ఇప్పుడు తిట్టు.

కౌకో

*

కువోపియో,
జనవరి 3.

కౌకో,

తిట్టాలని కాగితం తీసి మూడు రోజులైంది.

నాన్న ఆ మాట అన్న మాట నిజమే. కానీ ఆయన సౌనాలో కూర్చున్నదంతా అదే ఒడ్డున పుట్టి అదే ఒడ్డున పోయినవాళ్ళతో. అక్కడ మాట తప్పినవాడికి మర్నాడు పాలు పోసేవాళ్ళుండరు. నువ్వు సౌనాని తీసుకెళ్ళావు గానీ ఒడ్డుని తీసుకెళ్ళలేదు. నీ తప్పు అంతే. అంతకంటే పెద్ద తప్పు నా దగ్గర దాచిపెట్టడం. దానికి నిన్ను క్షమించేది డబ్బు పంపాక.

బ్యాంకు పని నేను చూస్తాను. బున్మా చెప్పిన మాటలు పెద్ద అక్షరాలతో ఒక కాగితం ముక్క మీద రాసి పంపు. బ్యాంకులో కుర్రాళ్ళు నాకు చెవుడనుకుని అరుస్తారు, నేను ఆ ముక్క చూపిస్తాను.

ఆ అమ్మాయి నీ వీపు మీద చెయ్యేసింది అన్న వాక్యం దగ్గర కాసేపు ఆగాను. ఆమెకి నా తరఫున ఒక మాట చెప్పు. ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. నువ్వే చూసి చెప్పు.

సైమి

*

హువా హిన్,
జనవరి 20.

అక్కా,

ముందు మంచి కబురు. ఆర్తో డబ్బు తిరిగిచ్చాడు.

కొట్లాడలేదు. కొట్లాడితే ఊపిరి ఖర్చు. శనివారం మామూలుగా సౌనాకి వెళ్ళాను. పై మెట్టు మీద కూర్చున్నాను. నోరు విప్పలేదు. వేరేవాళ్ళు మాట్లాడకపోతే ఎవరికీ పట్టదు, మనవాళ్ళ సంగతి నీకు తెలిసిందే. కానీ అక్కడ కూర్చున్న ప్రతివాడినీ ఏదో ఒక పేరు పెట్టి ఏడిపించేవాణ్ణి నేను. నేను మాట్లాడకపోతే ఇల్లు తగలబడినట్టే. మొదటి వారం జ్వరమా అని అడిగారు. రెండో వారం అందరూ నన్ను వదిలేసి ఆర్తోని అడగడం మొదలెట్టారు, నువ్వేం చేశావురా వాణ్ణి అని. మూడో వారం నేను బట్టలు విప్పుతుంటేనే వాడు కవరు తెచ్చి నా బూటులో పెట్టాడు. యాభైకి నలభై ఏడు ఉంది. మూడు వేలు కట్టెల ఖర్చనుకున్నాను. వెంటనే వాడి బొజ్జ మీద ఒక జోకు వేశాను. అందరూ ఎంత నవ్వారో. వాడు కూడా.

రెండో సంగతి నెమ్మదిగా చదువు.

టీచరమ్మ నవ్వుతూనే ఉంది, ఔననడం లేదు. ధర చాలదేమో, ఇంకో ఐదు శాతం పెంచుదామా అని బున్మాని అడిగాను. అది తల అడ్డంగా ఊపింది. ధర కాదు తాతా, వెళ్ళి కూర్చో, అడక్కు, ఆవిడే చెప్తుంది అంది. నాలుగు సాయంత్రాలు వెళ్ళి కూర్చున్నాను. ఆవిడ మామిడికాయ ముక్కలు కోసి పెట్టింది, ఉప్పూ కారం పంచదారా కలిపి. నాలుగో సాయంత్రం చెప్పింది.

"కౌకో గారూ, మీరు దగ్గితే గోడ ఇవతల నాకు వినిపిస్తుంది. దగ్గు ఆగాక ఇంకా భయమేస్తుంది. గది మీకు అమ్మాక, పక్కన మీవాళ్ళెవరూ లేకుండా మీరు అందులోనే పోతే? మీ ఆత్మకి దారి చూపి ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళుండరు. మీరు అక్కడే తిరుగుతుంటారు. మీకూ శాంతి ఉండదు, గదికీ ఉండదు."

అద్దెకున్నన్నాళ్ళూ నేను అతిథిని. కొంటే ఆ గదిలో పోయే హక్కు కూడా కొనుక్కున్నట్టే కదా. నాకు ఆ ఆలోచనే రాలేదు.

నవ్వించాను, ఇంకేం చేస్తాను? టీచరమ్మా, వేళొచ్చిందని తెలియగానే మెట్లు దిగి, బస్సెక్కి ఆస్పత్రికెళ్ళి అక్కడే పోతాను, టిక్కెట్టు డబ్బులు విడిగా పెట్టుకుంటాను అన్నాను. ఈసారి ఆవిడ నిజంగా నవ్వింది, పళ్ళు కనిపించేలా. తర్వాత కాగితం, కలం తెచ్చి నా ముందు పెట్టింది.

"కబురు పెడితే మీకోసం వచ్చేవాళ్ళెవరు? ఒక్క పేరు రాసివ్వండి. గది మీదే."

కలం పట్టుకున్నాను. కూతురి పేరు రాద్దామంటే దానికి ఇద్దరు పిల్లలు, ముప్ఫై ఆవులు. పాలు పితకడం ఆపి ఎనిమిది వేల కిలోమీటర్లు అది రాలేదు. మా ఆవిడ కెర్తు బతికుంటే ఈ కాగితమే ఉండేది కాదు. నీ పేరు రాశాను. నిన్నడగలేదు. డెబ్భై ఎనిమిదేళ్ళదానివి, స్టాక్‌హోమ్ ఓడ తప్ప ఏదీ ఎక్కనిదానివి. రాసేశాను.

ఫిబ్రవరి నెలాఖరుకి రిజిస్ట్రేషను. నువ్వడిగిన ముక్క ఇందులో పెట్టాను. పెద్ద అక్షరాలు.

కౌకో

*

కువోపియో,
ఫిబ్రవరి 6.

కౌకో,

డబ్బు వెళ్ళింది. యూరోలుగానే.

బ్యాంకులో ఉన్న అబ్బాయి మర్యాదస్థుడు, అదే వచ్చిన తంటా. అమ్మమ్మగారూ, ఇక్కడే బాత్‌లుగా మార్చి పంపితే మీకు లాభం అన్నాడు. వద్దన్నాను. మళ్ళీ చెప్పాడు, గట్టిగా. ముక్క చూపించాను. చదివి, ఇది ఎవరు రాశారు అన్నాడు. లాండ్రీ అమ్మాయి చెప్తే నాలుగో తరగతి చదివినవాడు రాశాడు అన్నాను. వాడు మార్చేసే బటను మీద వేలు పెట్టాడు. నేను చేతిసంచీ బల్ల మీద పెట్టి కుర్చీలో వెనక్కి ఆనుకున్నాను. పదింటికి కూర్చున్నాను, పదకొండున్నరకి మేనేజరు వచ్చాడు. కాఫీ ఇచ్చారు. పన్నెండింటికి యూరోలుగా వెళ్ళింది. ఎందుకు పంపుతున్నారో రాసే చోట, గది కొనడానికి అని నా ఎదురుగా రాయించాను. రసీదు మీద స్టాంపు వేయించాను. సౌనాలో కాదు కదా.

ఇక ఆ కాగితం సంగతి.

పేరు రాసేముందు అడగాలిరా. అడిగితే ఏమనేదాన్ని? నాకు మోకాళ్ళ నొప్పులు, విమానం అంటే భయం, పిల్లిని ఎవరు చూస్తారు అనేదాన్ని. ఇవన్నీ అన్నాక సరే అనేదాన్ని. ఆ సరే అనే ముచ్చట నాకు లేకుండా చేశావు. అందుకు కోపం.

కాబట్టి ఇప్పుడు అడుగు. సరిగ్గా అడుగు. జోకులు లేకుండా.

సైమి

*

హువా హిన్,
మార్చి 2.

అక్కా,

గది నాదైంది.

రిజిస్ట్రేషను రోజు పొద్దున ఏడింటికే బున్మా వెళ్ళి వరసలో టోకెన్లు తీసింది. జర్మనీ ఆయనది ముందు, మాది వెనక. డాక్టరు ఎక్కిన రైలు ఆలస్యం. మా నంబరు పిలిచే వేళకి ముందున్నదే అవ్వలేదు. ఆ ఖాళీ రాకముందే మా కాగితాలు బల్ల మీదకి వెళ్తే కొట్టేసి పంపేస్తారు. బున్మా వరసలో ఉన్నవాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి, మా తాతకి ఊపిరి అందదు, కొంచెం కూర్చోవాలి, మీరు ముందు వెళ్ళండి అని టోకెన్లు మారుస్తూ పోయింది. ఊపిరి అందనివాణ్ణి కదా, నా పాత్ర బాగానే చేశాను. ఎంత బాగా చేశానంటే ఒకావిడ నాకు కొబ్బరి బొండం కొనిచ్చింది. మధ్యాహ్నం రెండింటికి డాక్టరు వచ్చాడు. రెండున్నరకి జర్మనీ ఆయన ఫ్లాటు చేతులు మారింది. మూడుంపావుకి టీచరమ్మ నా పక్కన కూర్చుని సంతకం పెట్టింది. బ్యాంకు కాగితం అధికారి రెండుసార్లు చదివి పక్కన పెట్టాడు. నువ్వు కుర్చీలో కూర్చున్న రెండు గంటలూ ఆ కాగితంలో ఉన్నాయి.

పట్టా మీద నా పేరు ఈ దేశపు లిపిలో ఉంది. చదివిపెట్టమంటే బున్మా వేలు పెట్టి చదివింది. ఏడుగురి పేర్లు కాదు కదా అన్నాను. ఒక్కడే, కానీ పేచీకోరు అంది.

దానికి నేను ఏమిచ్చినా తీసుకోలేదు. అమ్మినవాళ్ళ దగ్గర కమిషను తీసుకున్నాను, కొన్నవాళ్ళ దగ్గర కూడా తీసుకుంటే రెండు వైపులా ఉప్పు తిన్నట్టు, ఏ వైపూ నిలబడలేను అంది. మరి ఇంత ఎందుకు చేశావే అని అడిగాను. అది చెప్పింది నీకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఎనిమిదేళ్ళుగా మీ బట్టలు ఉతుకుతున్నాను తాతా. ప్రతిసారీ జేబులు మీరే తిరగేసి, చొక్కాలు విడిగా మడత పెట్టి తెస్తారు. మిగతావాళ్ళ జేబుల్లోంచి కాగితాలూ చిల్లరా ముక్కుతుడుచుకున్న గుడ్డలూ నేనే తియ్యాలి. నా చేతుల్ని గుర్తుపెట్టుకున్న మనిషి మీరు."

జేబులు తిరగెయ్యడం నాకు నేర్పింది ఎవరు? నువ్వే. కొట్లోంచి అలిసిపోయి వచ్చి మా అందరి బట్టలూ చేత్తో ఉతికేదానివి. జేబులో చేపల ఎర మర్చిపోయానని ఒకసారి తడి చొక్కాతో వీపు మీద ఒక్కటిచ్చావు. ఆ దెబ్బ ఇప్పుడు ఇక్కడ నాకు ఇల్లు ఇప్పించింది. నీ తరఫున చెప్పమన్నావు కదా, ఇదే చెప్పాను బున్మాకి. అది చాలాసేపు నవ్వి, తర్వాత నవ్వకుండా, మీ అక్కగారికి నా దణ్ణం అంది.

మన ఊళ్ళో కొట్లో చిల్లర తిరిగిచ్చినవాడికి తప్ప ఎవరూ థాంక్స్ చెప్పరు. డెబ్భై మూడేళ్ళలో నీకు నేను ఒక్కసారీ చెప్పలేదు. చెప్తున్నాను. బ్యాంకుకీ, తడి చొక్కాకీ, పోయిన మార్చిలో కుర్చీలో నాకు మూడుసార్లు దుప్పటి కప్పినందుకూ. నేను మేలుకునే ఉన్నాను అప్పుడు.

ఇప్పుడు సరిగ్గా అడుగుతున్నాను. సైమక్కా, నేను పోయే వేళకి కాదు. అది ఎప్పుడో. బతికున్నప్పుడు వస్తావా? వచ్చే నవంబరుకి. రెండో మంచం కొన్నాను.

కౌకో

*

కువోపియో,
మార్చి 19.

కౌకో,

నాకు మోకాళ్ళ నొప్పులు. విమానం అంటే భయం. పిల్లిని కింది వాటాలో ఉండే హెల్లి చూస్తుందట, నెలకి మించి మాత్రం వద్దంది.

పాస్‌పోర్టుకి ఫోటో తీయించుకున్నాను. నవ్వకూడదన్నారు. అది నాకు కష్టం కాలేదు.

ఒక్కటి అడగాలి. కుర్చీలో నిద్రపోయేటప్పుడు నువ్వు గురక పెట్టేవాడివి కాదు. ఊపిరి చాలేది కాదు దానికి. చప్పుడు లేక నేనే లేచి వచ్చి చూసేదాన్ని, ఉన్నావా అని. ఇప్పుడు వెల్లకిలా పడుకుంటున్నావు కదా, పెడుతున్నావా?

పెట్టు. పక్క మంచం మీద పడుకుని నేను వింటాను.

సైమి